ప్రింటర్ ఎక్కడ, ట్యాంకు ఎక్కడ: ఇంటి నెట్‌వర్క్ ప్రాజెక్టు డైరీ

శనివారం

ఇల్లు మల్కాజిగిరిలో. కింద అత్తయ్య, మామయ్య. పైన మేము. డాబా మీద ఒక గది, అందులో అద్దెకుండే అబ్బాయి, పక్కనే వాటర్ ట్యాంకు. ఇంటర్నెట్ ఫైబర్ వైరు కింది హాల్లోకి వస్తుంది. అక్కడ కంపెనీ వాళ్ళు బిగించిన డబ్బా ఉంది. దాన్నుంచి ఒక లాన్ కేబుల్ మెట్ల పక్కగా పైకెక్కి మేం కొనుక్కున్న రౌటర్‌లో కలుస్తుంది. ఈ రెండింటి మీద బతికేవి: కింద ప్రింటర్, గేటు కెమెరాల రికార్డింగ్ పెట్టె (ఎన్‌వీఆర్), పైన ఫొటోలు దాచుకునే పాత ల్యాప్‌టాప్, ట్యాంకులో నీళ్ళెంత ఉన్నాయో చెప్పే సెన్సర్. ఫోన్లు, టీవీలు, పిల్లాడి ట్యాబ్ ఎలాగూ ఉన్నాయి.

బాధ ఏమిటంటే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వీటిలో ఏదో ఒకటి కనబడకుండా పోతుంది. ఈ మే నెలలో సాయంత్రం గాలిదుమారం లేస్తే చాలు, కరెంటు పోతుంది. వచ్చాక చూస్తే మామయ్య కంప్యూటర్‌లో ప్రింటర్ 'ఆఫ్‌లైన్'. మా ఆయన వెళ్ళి దాన్ని మళ్ళీ కొత్తగా యాడ్ చేసి వస్తారు. అలా చేసీ చేసీ ఇప్పుడు అందులో ఒకే ప్రింటర్ పేరుతో కాపీ 1, కాపీ 2, కాపీ 3 ఉన్నాయి. "వీటిల్లో అసలుది ఏదమ్మా?" అని మామయ్య అడిగితే చెప్పగలిగేవాళ్ళు లేరు.

ట్యాంకు సెన్సర్‌ది ఇంకో తంటా. మాకు నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. సంపు నిండాక మోటారు వేసి పైకెక్కించాలి. మోటారు స్విచ్ కింద, ట్యాంకు డాబా మీద. కింద నిలబడే ఫోన్లో చూసుకోవచ్చని ఈఎస్‌పీ32 అనే చిన్న వై-ఫై బోర్డుకి, శబ్దతరంగాలతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ తగిలించి పెట్టాం. అది నా ఫోన్లో శుభ్రంగా కనబడుతుంది. మామయ్య ఫోన్లో మాత్రం ఏ రోజూ కనబడలేదు. మోటారు వేసేది మామయ్య.

ఈ రోజు ఏమీ మార్చలేదు. ఏ పరికరానికి ఏ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే అంకెలు, ఐపీ అడ్రసు) ఉందో కాగితం మీద రాసుకోవడమే పని.

ఆదివారం

కాగితం చూస్తేనే సగం విషయం అర్థమైపోయింది. కింద ఉన్నవాటి అడ్రసులన్నీ 192.168.1 తో మొదలవుతున్నాయి, పైన ఉన్నవి 192.168.0 తో. అంటే ఇంట్లో ఉన్నది ఒక నెట్‌వర్క్ కాదు, రెండు. కంపెనీ డబ్బా ఒక రౌటర్, మా రౌటర్ దాని వెనక ఇంకో రౌటర్. రెండూ ఎవరికి వారే అడ్రసులు పంచుతున్నాయి.

ఇలా ఒకదాని వెనక ఒకటి ఉన్నప్పుడు దారి ఒకవైపే తెరిచి ఉంటుంది. లోపలి నెట్‌వర్క్ నుంచి బయటి నెట్‌వర్క్‌కి వెళ్ళొచ్చు, బయటి నుంచి లోపలికి తనంతట తాను ఏదీ రాలేదు. కాబట్టి పై ల్యాప్‌టాప్‌లో కింది ప్రింటర్ అడ్రసు టైప్ చేస్తే దాని పేజీ తెరుచుకుంటుంది. కింద మామయ్య ఫోన్లో పై సెన్సర్ అడ్రసు టైప్ చేస్తే ఏమీ రాదు. ఆయన ఫోన్లో లోపం లేదు, సెన్సర్‌లోనూ లేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పై ల్యాప్‌టాప్‌కి ప్రింటర్ పేజీ తెరుచుకున్నా, పైన నా ఫోన్లో ప్రింట్ నొక్కితే 'ప్రింటర్లు ఏవీ లేవు' అంటుంది. ఎందుకంటే ఫోన్ అడ్రసు పట్టుకుని వెళ్ళదు. 'ఇక్కడ ప్రింటర్ ఎవరైనా ఉన్నారా' అని 224.0.0.251 అనే ఉమ్మడి అడ్రసుకి కేకేస్తుంది. ఎండీఎన్ఎస్ అంటారు దీన్ని. ఆ కేక రౌటర్ దాటదు, దాటకూడదనే నియమం.

మంగళవారం రాత్రి

ఇప్పుడు కరెంటు సంగతి. పరికరం ఆన్ అవగానే దానికి తన అడ్రసు తెలియదు కాబట్టి 'నాకో అడ్రసు ఇవ్వండి' అని నెట్‌వర్క్ మొత్తానికి చాటుతుంది. రౌటర్ 'ఇది తీసుకో' అంటుంది, పరికరం 'సరే, అదే ఇవ్వు' అంటుంది, రౌటర్ ఖాయం చేస్తుంది. ఈ పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. 1993 నుంచి ఉంది. ఇప్పటికీ మన రౌటర్లు పాటించేది 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2131 అనే ఇంటర్నెట్ నియమాల పత్రాన్ని. అడ్రసు శాశ్వతం కాదు, గడువు ఉంటుంది. మా రౌటర్‌లో ఆ గడువు 120 నిమిషాలు. సగం గడువు అవగానే పరికరం వచ్చి పొడిగించుకుంటుంది. జవాబు రాకపోతే గడువులో ఎనిమిదింట ఏడు వంతులు దాటాక ఏ సర్వర్ ఉన్నా సరే అని అందరినీ అడుగుతుంది.

అంతా ఆన్‌లో ఉన్నంతసేపు అడ్రసు మారదు. నెలల తరబడి అదే ఉండొచ్చు. అందుకే చాలామందికి ఈ సమస్య ఉందనే తెలియదు. కరెంటు పోయినప్పుడు బయటపడుతుంది. చాలా ఇంటి రౌటర్లు ఎవరికి ఏది ఇచ్చిందీ తాత్కాలిక మెమరీలోనే ఉంచుకుంటాయి. ఆఫ్ అయి ఆన్ అయ్యాక దాని పరిస్థితి రిజిస్టరు పోగొట్టుకున్న లాడ్జిలాంటిది, ముందు వచ్చినవాడికి ముందు గది. నిజానికి చాలా పరికరాలు తమ పాత అడ్రసు గుర్తుపెట్టుకుని 'మళ్ళీ అదే ఇస్తావా' అని అడుగుతాయి. అది ఖాళీగా ఉంటే దొరుకుతుంది కూడా. ఈలోపే ఎవరి ఫోనో దాన్ని పట్టుకుపోతే దొరకదు. అందుకే ఒకసారి బాగుంటుంది, ఒకసారి పాడవుతుంది. ఇంట్లో వాళ్ళకి ఇదంతా దెయ్యాల వ్యవహారంలా కనబడటంలో తప్పులేదు.

ఎన్‌వీఆర్ కథ దీనికి తిరగేసింది. కెమెరాలు బిగించిన అబ్బాయి దానిలోనే 192.168.1.100 అని అడ్రసు రాసి వెళ్ళాడు. అది డబ్బా పంచే అడ్రసుల మధ్యలో ఉంది. ఎన్‌వీఆర్ ఆన్‌లో ఉంటే గొడవ లేదు, ఇచ్చేముందు ఆ అడ్రసులో ఎవరైనా ఉన్నారా అని పరీక్షించుకునే అలవాటు రౌటర్లకీ ఫోన్లకీ చాలావాటికి ఉంది. కరెంటు వచ్చాక డబ్బా, ఫోను ముందు లేచి, ఎన్‌వీఆర్ ఇంకా హార్డ్ డిస్క్ చూసుకుంటూ ఉంటే పరీక్షలో అక్కడ ఎవరూ కనబడరు. అప్పుడు ఒకే అడ్రసుకి ఇద్దరు. కెమెరా ఆగి ఆగి రావడం, అత్తయ్య ఫోన్లో నెట్ తెగిపోవడం, రెండింటికీ కారణం ఇదే.

బుధవారం

ప్లాన్ వేసుకున్నాను. ఇంట్లో పరికరాలన్నిటికీ స్థిరమైన అడ్రసు ఇవ్వాలని మొదలుపెట్టేవాళ్ళు చాలామంది. అవసరం లేదు. చూడాల్సింది ఎవరు ఎవర్ని వెతుక్కుంటున్నారనేది. ఫోను, టీవీ, ట్యాబ్ బయటికి వెళ్ళి పని చేసుకొచ్చేవి. వాటిని వెతుక్కుంటూ ఎవరూ రారు, వాటి అడ్రసు రోజుకోటి అయినా ఏం పోదు. ప్రింటర్, ఎన్‌వీఆర్, ఫొటోల ల్యాప్‌టాప్, ట్యాంకు సెన్సర్, వీటిని మిగతావి వెతుక్కుంటూ వస్తాయి. స్థిరంగా ఉండాల్సింది ఇవి, వీటితో పాటు నెట్‌వర్క్ డబ్బాలు. జాబితా ఒక్కసారిగా చిన్నదైపోయింది.

రెండో నిర్ణయం: అడ్రసు పరికరంలో రాయను, రౌటర్‌లో రాస్తాను. ఫలానా మ్యాక్ నంబర్ (తయారీలోనే పరికరానికి వేసే గుర్తింపు నంబర్) ఉన్న పరికరం ఎప్పుడు అడిగినా ఫలానా అడ్రసే ఇవ్వు అని చెప్పడం. రౌటర్ మెనూలో దీన్ని 'అడ్రస్ రిజర్వేషన్' అంటారు, కొన్నింటిలో 'ఐపీ మ్యాక్ బైండింగ్', కొన్నింటిలో 'స్టాటిక్ లీజ్'. ఎన్‌వీఆర్‌లో ఆ అబ్బాయి చేసినట్టు పరికరం లోపలే రాస్తే, రేపు రౌటర్ మారినా నెట్‌వర్క్ అంకెలు మారినా ప్రతి పరికరం దగ్గరికీ వెళ్ళి మార్చాలి. ప్రింటర్ మీదున్న ఆ రెండంగుళాల తెరలో బాణం గుర్తులు నొక్కుతూ అంకెలు ఎక్కించడం ఎవరికైనా శిక్షే.

మూడోది, రెండు నెట్‌వర్క్‌లని ఒకటి చేయడం. సరైన పద్ధతి కంపెనీ డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించడం, అప్పుడది రౌటర్ పని మానేసి లైన్ మాత్రం అందిస్తుంది. కస్టమర్ కేర్‌లో అడిగితే ఒకరు అవుతుందన్నారు, ఇంకొకరు కాదన్నారు. వదిలేశాను. దానికి ఒక కారణం ఉంది. డబ్బా స్టేటస్ పేజీలో బయటి అడ్రసు 100.70 తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్నవి 2012లో ప్రత్యేకంగా కంపెనీల లోపలి వాడకానికి కేటాయించినవి. ఒకే అసలు అడ్రసు వెనక ఎంతోమంది కస్టమర్లని ఉంచడానికి వాడతారు. ఐపీవీ4 అనే పాత తరహా ఇంటర్నెట్ అడ్రసులు అయిపోవడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. 2011 ఫిబ్రవరిలోనే ప్రపంచ స్థాయి నిల్వ ఖాళీ అయింది. అంటే బయటి నుంచి మా ఇంటికి నేరుగా రావడం బ్రిడ్జ్ మోడ్ పెట్టినా కుదరదు. ఇక ఆ డబ్బాతో కొట్లాడి లాభం ఏముంది? దాని వై-ఫై ఆపేసి, దానికి మా రౌటర్ ఒక్కటే తగిలిస్తే చాలు. మధ్యలో ఎవరూ కాపురం ఉండరు కాబట్టి రెండు రౌటర్లు ఉన్నా ఇబ్బంది లేదు.

శనివారం

పొద్దున్నే, నల్లా వచ్చే రోజు కాదని చూసుకుని మొదలుపెట్టాం.

మా రౌటర్‌ని పై నుంచి దింపి కంపెనీ డబ్బా పక్కన పెట్టాం. మెట్ల పక్క కేబుల్ అదే, కాకపోతే ఇప్పుడు అది రౌటర్ నుంచి పైకి వెళ్తోంది. పై చివర అటక మీదున్న పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే అడ్రసులు పంచకుండా వై-ఫై మాత్రమే ఇచ్చేదిగా, పెట్టాను. పాతదాన్ని ఇలా వాడాలంటే రెండు సంగతులు మరవకూడదు. దానిలో డీహెచ్‌సీపీ ఆపేయాలి. కేబుల్ దాని వాన్ పోర్టులో (బయటి లైన్ కోసం ఉన్నది) కాక లాన్ పోర్టులో (ఇంటి పరికరాల కోసం ఉన్నది) గుచ్చాలి. వాన్‌లో గుచ్చితే మళ్ళీ మూడో నెట్‌వర్క్ పుడుతుంది. కొత్త మోడళ్ళలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని బటన్ ఉంటుంది, ఉంటే ఈ తలనొప్పి లేదు.

వై-ఫై పేరు, పాస్‌వర్డ్ రెండు చోట్లా పాతవే ఉంచాను. సెన్సర్‌ని విప్పి మళ్ళీ ప్రోగ్రామ్ చేయకుండా తప్పించుకోవడానికి ఇదొక్కటే దారి. ఈఎస్‌పీ32 కి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుతుంది, పై యాక్సెస్ పాయింట్‌లో అది ఆన్‌లో ఉందో లేదో చూసుకున్నాను.

నెట్‌వర్క్ అంకెలు కూడా మార్చేశాను. ఇళ్ళు, ఆఫీసుల లోపలి నెట్‌వర్క్‌ల కోసం కేటాయించిన మూడు శ్రేణుల్లో అందరూ వాడేది 192.168. మూడో అంకెగా 0, 1 అయితే సగం ఊరిలో ఉంటాయి. ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే దారి (వీపీఎన్) కూడా అవే అంకెలు వాడితే ల్యాప్‌టాప్ తికమక పడుతుంది. మా పిన్‌కోడ్ 500047 కాబట్టి 192.168.47 పెట్టాను. ఇంట్లో అందరికీ గుర్తుంటుంది. రౌటర్ 1, యాక్సెస్ పాయింట్ 2, ప్రింటర్ 10, ల్యాప్‌టాప్ 11, ఎన్‌వీఆర్ 20, ట్యాంకు 30. ఫోన్లూ వగైరాలకి 100 నుంచి 199 వరకు రౌటర్ ఇష్టం. రిజర్వేషన్లు ఆ 100–199 బయట ఉండటానికి మా రౌటర్ ఒప్పుకుంది. కొన్ని మోడళ్ళు ఒప్పుకోవు, లోపలే పెట్టమంటాయి. అక్కడ లోపలే పెట్టుకోవచ్చు, ప్రమాదం లేదు. రిజర్వ్ చేసినదాన్ని అది వేరేవాళ్ళకి ఇవ్వదు.

మ్యాక్ నంబర్ల వేట మధ్యాహ్నం దాకా సాగింది. రౌటర్ జాబితాలో సగం పరికరాల పేరు 'అన్‌నోన్'. ప్రింటర్, ఎన్‌వీఆర్ నంబర్లు వెనక స్టిక్కర్ మీద దొరికాయి. మిగతావాటిని ఒక్కోటి ఆఫ్ చేసి జాబితాలో ఏది మాయమైందో చూశాం, మావాడికి ఆ ఆట బాగా నచ్చింది. నంబర్ మొదటి ఆరు అక్షరాలు తయారీదారుని చెబుతాయి, ఐఈఈఈ సంస్థ కేటాయిస్తుంది. సెన్సర్‌ని అలా పట్టుకున్నాం. ల్యాప్‌టాప్‌కి రెండు మ్యాక్ నంబర్లు, కేబుల్‌కి ఒకటి, వై-ఫైకి ఒకటి. అది ఎప్పుడూ కేబుల్ మీదే ఉంటుంది కాబట్టి కేబుల్‌దే రాశాను.

ఫోన్ల దగ్గర వేరే సంగతి బయటపడింది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, ఫోన్ తన అసలు మ్యాక్ చెప్పకుండా ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో కల్పిత నంబర్ చెబుతుంది. దుకాణాల్లో, స్టేషన్లలో మనల్ని వెంటాడకుండా ఉండటానికి. మంచిదే. నంబర్‌లో రెండో అక్షరం 2, 6, ఏ, ఈ లలో ఏదైనా అయితే అది కల్పితం అనుకోవచ్చు. ఫోన్లకి రిజర్వేషన్ పెట్టట్లేదు కాబట్టి నాకు పట్టదు, మావాడి ట్యాబ్ విషయంలో తప్ప. రాత్రి తొమ్మిదికి దాని నెట్ ఆగిపోయేలా రౌటర్‌లో పెట్టిన నియమం కొన్నాళ్ళుగా పని చేయకపోవడానికి కారణం ఇప్పుడు తెలిసింది. నెట్‌వర్క్‌ని 'ఫర్‌గెట్' చేసి మళ్ళీ చేరితే కొత్త నంబర్ రాలేదు, కాబట్టి వాడి పనేమీ కాదు. నియమం పాత అసలు నంబర్ మీద రాసి ఉంది, ట్యాబ్ అప్‌డేట్ అయ్యాక కల్పిత నంబర్ చెబుతోంది. ట్యాబ్ సెట్టింగుల్లో మన ఇంటి వై-ఫై ఒక్కదానికి మాత్రం 'డివైస్ మ్యాక్ వాడు' అని మార్చాను. వాడు ఆట ఆపేసి చూస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం ఎన్‌వీఆర్. నెట్‌వర్క్ అంకెలు మారాయి కాబట్టి 192.168.1.100 తో అది ఒంటరిదైపోయింది. టీవీకి హెచ్‌డీఎంఐ తగిలించి, మౌస్ పెట్టి, డీహెచ్‌సీపీ ఆన్ చేయాలి. పాస్‌వర్డ్ ఆ అబ్బాయి దగ్గరే ఉంది. ఫోన్ చేస్తే తీయడు, తీస్తే 'సాయంత్రం చెప్తా మేడం' అంటాడు. ఇచ్చేసరికి ఎనిమిదయింది. వెంటనే మార్చేశాను. కెమెరాలకి విడిగా అడ్రసులు ఇవ్వాలేమో అనుకున్నాం, అక్కర్లేదు. అవి ఎన్‌వీఆర్ వెనకున్న పీఓఈ పోర్టులకే (ఒకే కేబుల్‌లో నెట్‌వర్క్, కరెంటు రెండూ ఇచ్చేవి) తగిలి ఉన్నాయి, వాటికి ఎన్‌వీఆర్ తన సొంత లోపలి అడ్రసులు ఇచ్చుకుంటుంది.

ఆదివారం

కాపీ 1, 2, 3 అన్నీ తీసేసి ప్రింటర్‌ని అడ్రసుతో యాడ్ చేశాను. విండోస్ దానంతట అది వెతికి పెట్టినది కాకుండా 'టీసీపీ/ఐపీ అడ్రసు' అనే దారి ఎంచుకుని 192.168.47.10 ఇచ్చాను. ఇప్పుడు జాబితాలో ఒక్క ప్రింటరే ఉంది. మామయ్య ఫోన్ తెర మీద ట్యాంకు పేజీకి ఐకాన్ పెట్టాను. సెన్సర్‌కి 'ట్యాంక్.లోకల్' అనే పేరు కూడా ఉంది, కానీ పాత ఆండ్రాయిడ్ బ్రౌజర్లలో ఆ పేరు పలకదు. ఆయన ఫోన్ పాతది. అంకెలే పెట్టాను.

పేర్ల కోసం పాత ల్యాప్‌టాప్‌లో సొంత డీఎన్ఎస్ సర్వర్ (పేరు చెబితే అడ్రసు వెతికిపెట్టేది) నడుపుదామని మా ఆయన ఉబలాటం. నేను ఒప్పుకోలేదు. ఆ ల్యాప్‌టాప్ మొరాయించిన రోజు ఇంటిల్లిపాదికీ నెట్ పోయినట్టే, ఫోన్లు నా ఆఫీసుకి వస్తాయి. రెండు ఐకాన్లతో అయ్యే పనికి అంత హంగు దండగ.

తర్వాత అసలు పరీక్ష. మెయిన్ ఆఫ్ చేసి, కాసేపాగి ఆన్ చేశాను. అత్తయ్య వంటింట్లోంచి "ఈ ఎండలో ఫ్యానెందుకు తీసినవ్?" అన్నారు. మొదటి విడతలో ట్యాంకు 30 కే వచ్చింది, ఎన్‌వీఆర్ 20 కే వచ్చింది. ప్రింటర్ మాత్రం 169.254 తో మొదలయ్యే అడ్రసు చూపించింది. కేబుల్‌తో ఉన్న ప్రింటర్ రౌటర్ కంటే ముందే లేచి, అడిగి అడిగి జవాబు రాక, తనకి తానే ఒక తాత్కాలిక అడ్రసు పెట్టుకుంది. 169.254 కనబడితే అర్థం ఒకటే, అడ్రసు ఇచ్చేవాడు దొరకలేదని. కాసేపటికి మళ్ళీ అడిగి 10 తెచ్చుకుంది. అయినా ఆ కాసేపట్లోనే మామయ్య ప్రింట్ కొట్టి ఉంటారని మాకు తెలుసు.

దీనికి సెట్టింగుల్లో మందు లేదు, కరెంటులోనే ఉంది. పై ఇన్వర్టర్ కింది డబ్బాలకి అందదు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్ళి రౌటర్ మినీ యూపీఎస్ (కరెంటు పోయినా రౌటర్‌ని నడిపే చిన్న బ్యాటరీ పెట్టె) తెచ్చాం, రెండు అవుట్‌పుట్‌లు ఉన్నది. కొనేముందు అడాప్టర్ల మీద రాసిన వోల్టులు చూసుకోవాలి. మావి రెండూ 12 వోల్టులు, కొన్ని రౌటర్లకి 9 ఉంటుంది. పెట్టాక మళ్ళీ మెయిన్ ఆఫ్, ఆన్. రౌటర్ అసలు ఆగలేదు. ప్రింటర్ లేస్తూనే 10 తీసుకుంది.

రౌటర్ సెట్టింగులు బ్యాకప్ తీశాను. ఆ ఫైలు అదే మోడల్‌కి తప్ప ఎక్కకపోవచ్చు, అందుకని అడ్రసులు, మ్యాక్ నంబర్లు అన్నీ ఒక కాగితం మీద రాసి మీటరు బోర్డు తలుపు లోపలివైపు అంటించాం. పేరు కింద మామయ్య తన దస్తూరీతో తేదీ వేశారు, రైల్వే అలవాటు.

జూన్, శుక్రవారం

మొదటి పెద్ద వానకి పిడుగుల చప్పుడుతో పాటు డాబా మీద సెన్సర్ బోర్డు పోయింది. కొత్త బోర్డు పెట్టి అదే ప్రోగ్రామ్ ఎక్కించాను. మ్యాక్ కొత్తది కాబట్టి 30 రాలేదు, 134 వచ్చింది. రౌటర్‌లో ట్యాంకు వరుసలో పాత నంబర్ తీసి కొత్తది రాశాను. అయినా వెంటనే మారలేదు. దానికి ఇచ్చిన 134 గడువు ఇంకా నడుస్తోంది. బోర్డుని ఒకసారి రీస్టార్ట్ చేస్తే అప్పుడు 30 తీసుకుంది. మామయ్య ఫోన్లో ఐకాన్ ముట్టుకోవాల్సిన పని పడలేదు. మీటరు బోర్డు కాగితం మీద నంబర్ దిద్దాను. అద్దె అబ్బాయి తన టీవీకి మన వై-ఫై అడుగుతున్నాడు. వచ్చే వారం అతనికి గెస్ట్ నెట్‌వర్క్ తెరవాలి, ప్రింటర్ కనబడకుండా.